ఎడమచేతులు

మేడమ్ గారూ,

మీరు పోయి ఈ రోజుకి ఏడాది. మాకు పాఠం చెప్పే పద్ధతి నేర్పడానికి మీ స్థానంలో వచ్చిన కొత్త కోచ్ గారు ఇవాళ నా లెక్కల క్లాసుకి వచ్చారు.

మీరైతే వెనక బెంచీలో పిల్లల మధ్య ఇరుక్కుని కూర్చునేవారు. "నిన్ను చూడ్డానికి రాలేదమ్మా, వీళ్ళకేం వచ్చిందో చూడ్డానికొచ్చేను" అంటూ నోట్సులు తిరగేసేవారు. నాకు ఒళ్ళు మండేది.

ఆయన గుమ్మం దగ్గరే నిలబడి, "ఈ భిన్నాల లెక్క ఎవరు చేస్తారమ్మా?" అన్నారు. క్లాసంతా చేతులెత్తింది. ఆయన వెంటనే ఫొటో తీశారు. నేను ఒక పిల్లని లేపితే టకటకా చెప్పేసింది.

"క్లాసంటే ఇలా ఉండాలండీ!" అని ఆ ఫొటో టీచర్ల గ్రూపులో పెట్టారు. ఒక్క నోట్సు కూడా తెరవలేదు.

"ఆయ్, థాంక్సండీ" అన్నాను.

లెక్క వచ్చినవాళ్ళు కుడిచెయ్యి, రానివాళ్ళు ఎడమచెయ్యి ఎత్తాలని నిన్న పిల్లలకి నేర్పింది నేనే. ఈ ఏడాది నా దగ్గర వాళ్ళంతా తప్పు లేకుండా నేర్చుకున్నది అదొక్కటే.

ఫొటో కింద చప్పట్ల బొమ్మలు పడుతూనే ఉన్నాయి. ఆ ఫొటోలో లేచినవి సగానికి పైగా ఎడమచేతులేనని ఒక్కరూ చూడలేదు.

మీ నంబరు ఇంకా ఆ గ్రూపులోనే ఉంది.