మైకు దగ్గర వినిపించే గిటార్

నవంబర్ 3, ఆదివారం
రిహార్సల్ సగంలో ఆగింది. రెండో పాట మధ్యలో మా బ్యాండ్ గాయని హిసాయె మైకు స్టాండ్‌కి తగిలించి, గొంతు ఎండిపోయింది, టీ తాగివస్తానని వెళ్లింది. మళ్లీ రాలేదు. గొంతుకి ఆపరేషన్ అయ్యాక ఈ మధ్యే పాడుతోంది. పాడవచ్చు గానీ అరవకూడదని డాక్టర్ మాట. మిజోగుచి డ్రమ్ముల వెనక నుంచి నావైపు చూసి, కర్రలు సంచిలో సర్దుకున్నాడు.

నవంబర్ 4, సోమవారం
డిపోలో పార్సెళ్లు ఎక్కువ. నడుం పట్టేసింది. గిటార్ ముట్టలేదు.

నవంబర్ 6, బుధవారం, సాయంత్రం 5
టోఫు కోసం మిజోగుచి దుకాణానికి వెళ్లాను. అప్పుడు చెప్పాడు. ఇరవై నాలుగో తేదీ షోకి హిసాయె రావడం అనుమానమేనట. అసలు పాడటమే మానేస్తానంటోందట. నా గిటార్ మోతలో తన గొంతు తనకే వినబడటం లేదట, వినబడాలంటే అరవాలట, అరిస్తే మళ్లీ ఆపరేషన్ బల్ల ఎక్కాల్సిందేనట. నాతో ఎందుకు అనలేదు అన్నాను. నీ మొహం చూసి ఎవరంటారయ్యా అన్నాడు. గిటార్ గరగరలాడాలని నువ్వు ఆ డ్రైవ్ పెడల్ తొక్కినప్పుడల్లా ఇరవయ్యేళ్లుగా నా కట్టుడు పన్ను జివ్వుమంటోంది, నేనన్నానా అని కూడా అన్నాడు.
జాలిపడ్డాడేమో, టోఫు ముక్క ఒకటి ఎక్కువ వేశాడు. అది చూశాక నిజమేననిపించింది.

నవంబర్ 7, గురువారం
ఇంట్లో గిటార్‌ని చిన్న ఆంప్ స్పీకర్‌కి తగిలించి విన్నాను. పెడల్ తొక్కినా దుప్పటి కప్పినట్టు మెత్తగానే ఉంది. ఇందులో జివ్వుమనేది ఏముంది?

నవంబర్ 10, ఆదివారం
హిసాయె రాలేదు. మిజోగుచి చేతికి గిటార్ ఇచ్చాను. పెడల్ తొక్కి, ఏ తీగైనా సరే గట్టిగా గీకమన్నాను. వెళ్లి హిసాయె మైకు ముందు నిలబడ్డాను.
పళ్లెం మీద మేకుతో గీసినట్టుంది.
ఆంప్ నేల మీద ఉంటుంది. నేను దాని పక్కనే నిలబడతాను. ఆ పదునంతా నా మోకాళ్ల కిందుగా పోయి, ఎదురుగా దూరంగా ఉన్న ఆమె చెవికి తగులుతోంది. అక్కడ నేను ఒక్కసారీ నిలబడి వినలేదు.
తప్పు ఇంట్లోనే మొదలైంది. మా అపార్ట్‌మెంట్‌లో పక్కింటావిడ దగ్గినా వినిపిస్తుంది. అందుకని గుసగుసంత శబ్దంలో ట్రెబుల్ నాబ్ తిప్పి పదును కుదుర్చుకుంటాను. అంత చిన్న శబ్దంలో పదును తెలియదు. చాలలేదనుకుని పెంచుకుంటూ పోయాను. అద్దె స్టూడియోలో ఎవరైనా వెళ్లేముందు ఆంప్ నాబ్‌లన్నీ సున్నాకి తిప్పాలి. ప్రతి ఆదివారం సున్నా దగ్గర మొదలుపెట్టి, చెవితో పని లేకుండా, ఇంటి అంకెలే పెట్టుకుంటూ వచ్చాను. నాకెవరూ నేర్పలేదు. వద్దనేవాళ్లూ లేకపోయారు.
ఎలా ఉందయ్యా నీ సంగీతం అని మిజోగుచి అడిగాడు. కూర్చున్నాను.

నవంబర్ 16, శనివారం, ఉదయం 9
ఒక్కడినే స్టూడియోకి వెళ్లాను. పదును పెంచే బ్రైట్ స్విచ్ ఆపేశాను. ట్రెబుల్ బాగా దించాను. పెడల్‌లో డ్రైవ్ సగం చేశాను, దాని టోన్ వెనక్కి తిప్పాను. ఆంప్‌ను బీరు క్రేట్ మీదికెత్తి, వెనక్కి వాల్చి, నా మొహం వైపు పెట్టాను. ఇక ఏదున్నా ముందు నాకే తగులుతుంది. అప్పుడు అసలు వాల్యూమ్‌లో వాయించాను. చెవి నొప్పి లేదు. అయినా భయమేసి వాల్యూమ్ కూడా తగ్గించాను.
ఇంత తీసేశాక నేనంటూ ఏమైనా మిగిలానా అన్నది తెలియలేదు.

నవంబర్ 17, ఆదివారం
మిజోగుచి ఏం చెప్పి ఒప్పించాడో గానీ హిసాయె వచ్చింది. నమస్కారం కుసునోకి గారూ అంది. ఇరవయ్యేళ్లలో నన్ను గారు అనడం ఇదే మొదటిసారి. అన్ని పాటలూ పాడింది. మధ్యలో ఒకసారి తన గొంతు విని తనే ఆగి, మళ్లీ అందుకుంది. వెళ్తూ, ఏం కుసునోకీ, ఒంట్లో బాలేదా, ఉన్నావో లేవో తెలియలేదు అంది. మిజోగుచి నవ్వాడు. నాకు నవ్వే ఓపిక లేకపోయింది.

నవంబర్ 23, శనివారం
వాన. తీగలు మార్చాను.

నవంబర్ 24, ఆదివారం
షోలో మూడో పాటప్పుడు హిసాయె పాడుతూనే నా దగ్గరికి వచ్చి, వంగి, ఆంప్ వాల్యూమ్ పెంచింది. ఎంతకి పెట్టిందో నేను చూడలేదు.