తంగేడాకు నీళ్లు

మంగళవారం, తిరుపతి

సాయంత్రం ఐరాల నుంచి నాయన ఫోన్ చేశాడు. “నువ్వు మరిచిపోయిన సీసాలో నీళ్లు కాలి పుండుకు పూసినానమ్మా. మానిపోయింది సూడు. ఇంగో సీసా తీసకరా.”

తంగేడాకు కషాయంలో సిల్వర్ నైట్రేట్ కలిపి నేను ల్యాబ్‌లో చేసిన వెండి నానో కణాల ద్రావణం అది. గొప్పగా చూపించడానికి ఊరికి తీసుకెళ్లి, మన చేనిగట్టు ఆకుతో చేశానని మాత్రమే చెప్పాను. వెండి సంగతి చెప్పలేదు.

ఈ ఉదయం, హాని ఉందేమో పరీక్షించడానికి అదే ద్రావణంలో వేసిన చేపగుడ్లను మైక్రోస్కోపులో చూశాను. లోపల కొట్టుకుంటున్న పిండాల గుండెలు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

“ఇంక పూయొద్దు నాయనా.”

“ఆకు పసరు ఏం జేస్తాదమ్మా? మీ వదిన గూడా పగిలిన కాళ్లకు రోజూ పూసుకుంటా ఉండాది.”

వద్దని పదిసార్లు చెప్పాను. నవ్వాడు. ఆకుతో చేసింది కాబట్టి హాని లేదని నా సెమినార్ స్లయిడ్‌లోనూ రాసుంది.

వదినకు ఐదో నెల.