తొమ్మిదో నంబరు చెప్పులు

అయ్యా,

పన్నుల విభాగం గుమాస్తా గారికి నమస్కారాలు. మా ఇంటి పన్ను ఈ ఏడు రెట్టింపయింది. ఇల్లు మాత్రం పెరగలేదు. కొలిచి చూశాను, వంటింటి తలుపు వానకి ఉబ్బిందంతే. ఉన్నవల్లా రెండు గదులు, వంటిల్లు, నేను. మా మేనత్త పోతూ పోతూ నాకు వదిలిన ఇల్లిది. అచ్చుతప్పులు దిద్దుకుని బతికేదాన్ని, ఇంత పన్ను కట్టాలంటే ఇల్లమ్మి కట్టాలి. ఎందుకు పెరిగిందో చెప్పగలరు.

ఇట్లు,
ఇంటి యజమాని

తా.క.: మీ నోటీసులో 'యజమాని' బదులు 'జయమాని' అని పడింది. నాకు జయమేమీ కనబడలేదు. దిద్ది పంపుతున్నాను.

*

ఆర్యా,

మీ ఇంట్లో కొంత భాగం అద్దెకిచ్చినట్లు తనిఖీలో తేలినందున అద్దె ఇంటి పన్ను విధించడమైనది. ఆధారాలు: గుమ్మం ముందు మగవారి చెప్పులు, తొమ్మిదో నంబరు, ఒక జత. తీగ మీద గళ్ళ చొక్కా, ఒకటి.

ఇట్లు,
గుమాస్తా, పన్నుల విభాగం

తా.క.: దిద్దిన నోటీసు అందినది. దిద్దుబాటుకు రుసుము ఇవ్వబడదు.

*

అయ్యా,

ఆ చెప్పుల్లో మనిషి లేడు.

నిరుడు అత్తయ్య పోయిన వారానికే పక్కింటావిడ వచ్చి, ఒంటరి ఆడపిల్ల గుమ్మంలో మగ చెప్పులు కనబడుతూ ఉండాలని చెప్పి వెళ్ళింది. రోడ్డు పక్కన బేరమాడి కొన్నాను. "మీవారి సైజెంతమ్మా?" అన్నాడు చెప్పులవాడు. ఎలాగూ లేనివాడే కదా, కాస్త పొడుగ్గా ఉంటే పోయేదేముందని తొమ్మిది అన్నాను. చొక్కా సంగతీ అంతే. వారానికోసారి తడిపి ఆరేస్తాను.

ఈమధ్య పని నుంచి వచ్చి, తాళం తీస్తూ, చెప్పులకేసి చూసి "ఇవాళ ఆలస్యమైంది" అనడం అలవాటైంది. మీ తనిఖీ ఆయన అది కూడా విన్నాడేమో. అద్దె మాత్రం అవి ఏనాడూ ఇవ్వలేదు.

ఇట్లు,
ఇంటి యజమాని

తా.క.: చొక్కా మూడో గుండీ ఊడితే మొన్న కుట్టాను. ఎందుకని అడక్కండి.

*

ఆర్యా,

మీ వివరణ చదవడమైనది. అద్దెకున్నవారు ఇప్పుడు లేరన్నప్పుడు నియమం ఇది: ఆ ఇంట్లో మీరొక్కరే ఉంటున్నారని పెద్దక్షరాల ప్రకటన మీ గేటుకు అంటించి, పదిహేను రోజులు అభ్యంతరాలు కోరుతాము. ఎవరూ అభ్యంతరం చెప్పనిచో పన్ను తగ్గును.

ఇట్లు,
గుమాస్తా, పన్నుల విభాగం

తా.క.: ప్రకటన వానకు తడవకుండా చూసుకొనవలెను.

*

అయ్యా,

ఆ ఒక్క ముక్క వీధికి తెలియకూడదనే కదా చెప్పులు కొన్నది. మీరు దాన్నే పెద్దక్షరాల్లో గేటుకి అంటిస్తామంటున్నారు.

పోనీ, అభ్యంతరం ఎవరు చెబుతారు? ఉంటే గింటే నాకే ఉంది. నేను ఒక్కదాన్నే ఉండడం మీద నేనే అభ్యంతరం చెప్పుకోవచ్చునా? దానికేమైనా ఫారం ఉందా?

మగవారు, మీకిది అర్థం కాదులెండి. ఇల్లు అమ్మకానికి పెడుతున్నాను.

ఇట్లు,
ఇంటి యజమాని (ప్రస్తుతానికి)

తా.క.: కొన్నవాళ్ళకి చెప్పులు ఇవ్వను.

*

అమ్మాయికి,

నేను అయ్యను కాను. మూడుసార్లు రాశావు. అచ్చుతప్పులు దిద్దేదానివి, నీ తప్పు నీకు కనబడలేదు.

మా గుమ్మం ముందు పదో నంబరు బూట్లున్నాయి, పదకొండేళ్ళుగా. నీ ఉత్తరం చదివి రిజిస్టరు మళ్ళీ తీశాను. ఇంట్లో ఉంటున్నది యజమానా, అద్దెవాళ్ళా అన్నదే అందులో అడుగుతారు. ఎంతమందని గడి లేదు. ఆ చెప్పులు డబ్బు పెట్టి కొన్నదెవరు? నువ్వే. అందుకని "సదరు చెప్పులు, చొక్కా ఇంటి యజమానివే" అని రాసి, పై అధికారి చేత సంతకం చేయించాను. ఇక ప్రకటనా వద్దు, గేటూ వద్దు. పాత పన్నే కట్టు. అందులో అబద్ధం ఒక్కక్షరం లేదు. చదివినవాళ్ళకి మీసాలు కనబడితే మన తప్పు కాదు.

ఇల్లు అమ్మకు.

ఇట్లు,
గుమాస్తా

తా.క.: తనిఖీ కాగితంలో "చెప్పులు కొత్తవి" అని ఉంది. ఏడాదైనా అరగని చెప్పుల్ని ఏ దొంగా నమ్మడు. రోజూ కాసేపు వేసుకుని పెరట్లో తిరగాలి. వేళ్ళ దగ్గర గుడ్డ కుక్కుకోకపోతే పడతావు. ఆదివారం వచ్చి నడక నేర్పుతాను, నా బూట్లూ తెస్తాను. గుమ్మం ముందు నాలుగు జతలుంటాయి. టీ మాత్రం ఇద్దరికే పెట్టు.