చెయ్యి లేని ఫోటో

వీరరాఘవయ్య గారికి,

రేపల్లె నుంచి వచ్చి ఆదివారాలు ఫోటోలు తీసే కుర్రాణ్ణి. దండాలతో మొదలుపెట్టే అలవాటు నాకు లేదు.

మీ నగరం ఊళ్లో మీ కుటుంబం ఫోటో తీసిన రోజు, మనవడు కుదురుగా కూర్చోవడం లేదని పనిమనిషి రిబ్కాను కుర్చీ వెనక కూర్చోబెట్టి నల్ల దుప్పటి కప్పించారు. పిల్లాడి నడుం పట్టుకున్న ఆమె చెయ్యి మాత్రం ఫోటోలో పడింది. "ఆ చెయ్యి తీసెయ్ అబ్బాయ్, అసయ్యంగా ఉంది" అన్నారు అమ్మగారు. శ్రమను చెరిపే హక్కు ఎవరికుంది? అందుకే ఆ ఫోటోనే పెద్దది చేయించి నేను పనిచేసే స్టూడియో ముందరి అద్దాల్లో పెట్టాను. చూసినవాళ్లు ఆ చెయ్యెవరిదని అడిగారని మీరు రిబ్కాను పని మాన్పించారు.

పెట్టింది నేను. ఆమెకు తెలియనే తెలియదు.

నిన్న ఆమె స్టూడియోకి వస్తే మీ మీద కోపంతో కేకలేశాను. "నీ కోపం నా పిల్లలకి అన్నం పెడుద్దా తమ్ముడూ? ఆ చెయ్యి గీకెయ్" అంది. నెగెటివ్ మీద బ్లేడుతో నేనే గీకాను. "ఇదిగో, చిటికెనవేలు ఇంకా కనపడతంది" అని ఆ చేత్తోనే చూపించింది.

కొత్త ప్రింటు పంపుతున్నాను. ఆమెను పనిలోకి రానివ్వండి. ఇందులో మీ మనవణ్ణి ఎవరూ పట్టుకోలేదు.