పడవకి విమానాల మందు

13 ఫిబ్రవరి 1994, ఆదివారం

నోయిడాలో అక్కావాళ్ళింటికి వెళ్ళొచ్చాను. బావ మేడ మీద పడవ చేస్తున్నాడు. నిజం పడవే! లక్ష్మీపతి బావ ఫ్రిజ్‌లు చేసే ఫ్యాక్టరీలో షీట్‌మెటల్ ఫోర్‌మన్. పుట్టింది గోదావరి లంకలో. పడవెక్కి ఎన్నేళ్ళయిందో అని గొణిగీ గొణిగీ చివరికి అల్యూమినియం రేకులు మోసుకొచ్చాడు. అన్నపూర్ణక్కని కూర్చోబెట్టి యమునలో తిప్పుతాడట. అది పడవ కాదు, వెల్లకిలా పడుకున్న ఫ్రిజ్ అంటుంది అక్క.

రేకులు వంచి, కన్నాలు వేసి, ప్రస్తుతానికి బోల్టులతో నిలబెట్టాడు. రివెట్లు మాత్రం కొట్టడట, అతుకుల మధ్య రాసే సీలెంట్ నేను తెచ్చేదాకా. ఎయిర్‌ఫోర్స్‌లో ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టర్‌ని కదా, విమానాల పెట్రోల్ ట్యాంకులకి రాసే మందు మా రంగా తెస్తాడని వీధంతా చాటేశాడు. పక్కింటి సర్దార్జీ అంకుల్ ముందు నా భుజం తట్టి మరీ చెప్పాడు. ఠీక్ హై, తెస్తానన్నాను. ఏ నోటితో అన్నానో!

16 ఫిబ్రవరి

తేలేను. గడువు తీరిన టిన్నులు కూడా మా కళ్ళముందే పాడుచేసి పారేస్తారు. పట్టుబడితే ఉద్యోగం గోవిందా. ఈ ముక్క బావతో అనేస్తే సరిపోయేది. భుజం తట్టించుకున్నాక నోరు రాలేదు.

19 ఫిబ్రవరి, శనివారం

పాత ఢిల్లీలో చావ్‌డీ బజార్ వెళ్ళాను. దుకాణం భయ్యా మూడు రకాలు చెప్పాడు. ఒకటి తారు లాంటిది, ఎండకి కారిపోతుంది. రెండోది పడవలకి వాడేదే, రెండు డబ్బాలు కలిపి రాసేది, బొంబాయి నుంచి రావాలి, నెల పడుతుందన్నాడు. మూడోది బాత్‌రూమ్ అద్దాలకి పెట్టే సిలికాన్. మూత తీస్తే వెనిగర్ వాసన. ఆ పులుపే అల్యూమినియాన్ని తినేస్తుంది. పైగా రెండు రేకుల మధ్య గాలి ఆడకపోతే గట్టిపడదు. ఇది నాకు తెలీదా? బాగా తెలుసు.

నెల ఆగమంటే బావ ఊరుకోడు, బొంబాయి ఎందుకు, నీ దగ్గరే ఉందిగా అంటాడు.

సిలికానే కొన్నాను.

20 ఫిబ్రవరి

ట్యూబుల మీద అచ్చంతా థిన్నర్‌తో తుడిచేసి తీసుకెళ్ళాను. బావ మూత తీసి, ఈ పులిసిన వాసనేంట్రా అన్నాడు. విమానాల సరుకు అలాగే ఉంటుందన్నాను. నమ్మాడు! నేను రాస్తూ పోతుంటే నా వెనకాలే రివెట్లు కొట్టుకుంటూ వచ్చాడు, కూనిరాగం తీస్తూ. అక్క పెసరట్లు వేసింది. సిగ్గులేకుండా మూడు తిన్నాను.

23 ఫిబ్రవరి

ఇవాళ సెక్షన్‌లో నిజం ట్యాంకుకి సీలింగ్ చేశాం. కలిపిన మందులో కాస్త ఓ రేకుముక్క మీద రాసి పక్కన పెడతాం. సార్జెంట్ భీమశంకరం గారు దాన్ని గోరుతో గుచ్చి, ఆరిందని తేలాకే సంతకం పెడతారు. లోపల కూర్చునే పైలట్ ఎవరో కూడా ఆయనకి తెలీదు. నా పడవలో కూర్చునేది నా తోడబుట్టింది.

27 ఫిబ్రవరి, ఆదివారం

రివెట్ల చుట్టూ తెల్లటి పొడి. బావ చూడకుండా రుమాలుతో తుడిచేశాను. అతుకు అంచు గిల్లితే లోపల మందు ఇంకా వెన్నలా ఉంది.

పడవలో నీళ్ళు నింపి ఓ పూట ఉంచి చూద్దామన్నాడు బావ. చూస్తే నా బండారం బయటపడేది. నేనే వద్దన్నాను. బరువుకి మేడ పగుళ్ళిస్తే ఇంటివాళ్ళు గొడవ చేస్తారన్నాను. విమానాల మందుకి పరీక్షేంటి బావా అని కూడా అన్నాను. ఛీ.

4 మార్చి

అక్కకి ఈత రాదు.

6 మార్చి, ఆదివారం సాయంత్రం

యమునలో ఓఖ్లా బ్యారేజీకి ఎగువన పడవ దించాం. అక్క ముహూర్తం పెట్టించింది. పడవకి పసుపు రాసి కొబ్బరికాయ కొట్టింది. నన్నూ ఎక్కమన్నారు. కడుపు బాగాలేదని గట్టు మీదే ఉండిపోయాను.

కాస్త దూరం బాగానే వెళ్ళారు. అక్క చెయ్యి కూడా ఊపింది. అంతలో పడవ అడుగున నీళ్ళు ఊరాయి. అక్క పాదాలు తడిసేసరికి కంగారుపడి లేచి నిలబడింది. పడవ పల్టీ కొట్టింది. దూకాను. అక్క జుట్టు చేతికందింది, అవతల్నుంచి బావ పట్టుకున్నాడు. గట్టుకి లాక్కొచ్చాం. ఆ మురికి నీళ్ళన్నీ కక్కుకుంది. బతికింది తల్లీ, బతికింది.

చూడ్డానికి మాతో వచ్చిన సర్దార్జీ అంకుల్ నన్ను వాటేసుకుని శాబాష్ అన్నాడు. రంగా లేకపోతే నా పూర్ణ నాకు దక్కేది కాదని బావ అందరికీ చెప్పి ఏడ్చాడు.

10 మార్చి

అంకుల్ వాళ్ళింటికి ఫోన్ చేస్తే అక్క వచ్చి మాట్లాడింది. బావ డ్యూటీకి వెళ్ళడం లేదట. మేడ మీద కూర్చుని రివెట్లు ఒక్కోటీ డ్రిల్‌తో తొలిచి తీసేస్తున్నాడట. అతుకుల్లో మందు పచ్చిగా ఉంది చూడండని అక్క చూపించినా వినలేదట. తను సరిగ్గా అదమలేదు కాబట్టే అలా ఉండిపోయిందట. ఇన్నేళ్ళ పనివాణ్ణి, చేజేతులా పెళ్ళాన్ని చంపుకోబోయానని ముద్ద మింగడం లేదట. రంగా మందు మీద మాత్రం మాట పడనివ్వడట.

ఫోన్ పెట్టేశాను. చెప్పలేదు.

13 మార్చి

అక్కావాళ్ళ మెట్ల మీద కూర్చుని రాస్తున్నాను. అక్క వాకిట్లోనే ఆపి ఒకటే అడిగింది. పడవలోకి ఇంకా ఒక్క చుక్క నీరు రాకముందే, నేను చెయ్యి ఊపినప్పుడే, నువ్వు బూట్లూ స్వెటరూ విప్పేసి నిలబడ్డావు, ఎందుకురా అని.

ఆ సంగతి ఇందులో కూడా రాయలేదు నేను.

పైన డ్రిల్ తిరుగుతోంది. బావ దగ్గరికి వెళ్తున్నాను.