బొడ్డు పాతే చోటు

నా పేరు ఎంబాఫో. పాస్‌పోర్టు లెక్కన డెబ్బై నాలుగేళ్లు, నా లెక్కన ఇంకా ఎక్కువే. కోడలి పురుడికి వచ్చి డబ్లిన్‌లో కొడుకు ఒబియోరా ఇంట్లో ఉంటున్నాను. మరిది ఒగ్బొన్నకు రాయిస్తున్న కార్డు ఇది.

మనవడు క్షేమం. మంగళవారం వాడి బొడ్డు ఊడింది. కోడలు దాన్ని దూదిలో చుట్టి చెత్తడబ్బాలో వేసింది. రాయవే అమ్మాయ్, నువ్వే పారేశావని రాయి! చెత్త లారీ వచ్చేలోగా డబ్బా వీధిలో బోర్లించి వెతికాను. పక్కింటి నూలా చూసి, "ఏం పెద్దమ్మా, ఉంగరం పోయిందా?" అంది. "ఉంగరమైతే ఊరుకుందును. మనవడి ఊరే పోయింది. బొడ్డు పాతిన చోటే మాకు సొంతూరు" అన్నాను. పాపం, తనూ చెత్తలో చేతులు పెట్టింది. దొరికింది.

ఎండబెట్టి, ఇక్కణ్నుంచి మన ఊరికొస్తున్న ఎబెరె చేతికిచ్చి పంపుతున్నాను. నా వంటగది వెనక పామాయిల్ మొక్క కింద పాతిపెట్టు. ఆ చెట్టు ఇక వాడిది. ఊళ్లో పుట్టనివాడికి ఊళ్లో చెట్టేమిటి అన్నావట. నీ కొడుకు పుట్టింది లాగోస్ ఆసుపత్రిలో కాదూ? వాడి బొడ్డు తెచ్చి మన పెరట్లో పాతింది నేను కాదూ?

మేకలు రాకుండా కంచె కట్టు. నీ మోకాలి నొప్పి తగ్గిందా? పిల్లలకు నా దీవెనలు. నీకు మాత్రం, పాతానని కబురు పంపాకే.

ఎంబాఫో వేలిముద్ర
సాక్షులు: ఇది రాసిన కోడలు ఉలోమా, డబ్బా వెతికిన నూలా