కంచుకవచుడి జవాబు

అమీర్‌పేట,
14 మార్చి 2002

ప్రియమైన కంచుకవచుడు గారికి,

ముప్ఫై రెండేళ్లవాడు బొమ్మల కథల వీరుడికి ఉత్తరం రాయడమేమిటని నవ్వుకోండి, నాకూ నవ్వొస్తోంది. పంజగుట్టలో ఒకప్పుడు మీ బొమ్మల పత్రిక ఆఫీసున్న మేడలో ఇప్పుడు కంప్యూటర్ కోర్సులు చెబుతున్నారు. వాచ్‌మన్ రాజనర్సయ్య మాత్రం అక్కడే ఉన్నాడు. "పిల్లల ఉత్తరాలకు జవాబులు రాసెటోళ్లు ఎర్రమంజిల్‌ల ఉన్నరు సార్. రాసియ్యుండ్రి, నేనిచ్చొస్త" అన్నాడు. వాళ్ల పేరు చెప్పబోతే వద్దన్నాను. నాకు మీరు కంచుకవచుడే.

పదేళ్లప్పుడు మీకు రాశాను. మా నాన్నకి పని పోయింది, అమ్మ ఏడుస్తోంది, నాకు భయంగా ఉంది, ఎవరికి చెప్పుకోను అని. మీరు పత్రికలో జవాబిచ్చారు: "వీరుడు తన కష్టం ఇంట్లో చెప్పడు." ఆ ముక్క కత్తిరించి బైబిల్లో దాచుకున్నాను. పరీక్ష తప్పినా, జ్వరమొచ్చినా పళ్లబిగువున ఊరుకున్నాను. అదే నన్ను మనిషిని చేసిందనుకున్నాను.

జనవరిలో నా సాఫ్ట్‌వేర్ ఉద్యోగం పోయింది. నా భార్య సెరీనాకి చెప్పలేదు. రోజూ తొమ్మిదింటికి ఇస్త్రీ చొక్కా వేసుకుని, క్యారేజీ పట్టుకుని బయల్దేరతాను. అమీర్‌పేట ఇన్‌స్టిట్యూట్లలో ఏ కోర్సుకైనా మొదటి క్లాసు ఉచితం కదా, ఒకదాన్నుంచి ఇంకోదానికి తిరిగి సాయంత్రం చేస్తాను. అన్ని కోర్సుల్లోనూ మొదటి పాఠం కంఠస్థం. రెండో పాఠం ఒక్కదానిలోనూ తెలియదు. నిన్న ఒకచోట పేర్లు రాసుకునే నర్సింహులు, "అన్నా, మూడోసారి వస్తున్నవ్. జర చేరరాదు?" అన్నాడు. తల దించుకుని లోపలికి పోయి కూర్చున్నాను.

అలసిపోయానండీ. సెరీనాకి ఐదో నెల. నా జీతం ఉందన్న ధైర్యంతో సోమవారం తన టీచరు ఉద్యోగానికి రాజీనామా ఇస్తానంటోంది. చెబుదామని నోరు తెరిస్తే మీ మాట అడ్డొస్తోంది. ఏం చెయ్యమంటారు?

మీ పాత పాఠకుడు,
శాంతిరాజు

*

ఎర్రమంజిల్,
16 మార్చి, శనివారం

చిరంజీవి శాంతిరాజుకి,

రాజనర్సయ్య నీ ఉత్తరం ఇచ్చి, జవాబు కోసం బయట అరుగు మీద కూర్చున్నాడు. నీ కంచుకవచుడు ఒక ముసలావిడని తెలిస్తే చిన్నబోతావేమో. పదకొండేళ్లు ఆ జవాబులన్నీ నేనే రాశాను.

నీ ఉత్తరం నాకు గుర్తులేదు నాయనా, అబద్ధం చెప్పను. వారానికి రెండొందలు వచ్చేవి. ఐదింటికల్లా ప్రెస్సుకి పంపాలి. రెండు లైన్లు చదివి ఏదో రాసేసేదాన్ని. ఆ వాక్యం చాలామంది పిల్లలకి రాశాను, ఎక్కడైనా ఇమిడిపోయేది. 'ఎవరికి చెప్పుకోను' అన్నదాకా నేను చదివి ఉండను. అరనిమిషంలో రాసి పడేసిన మాటని నువ్వు ఇరవై రెండేళ్లు మోశావు. సిగ్గుగా ఉంది. నన్ను క్షమించు.

ఇంకో సంగతి. కంచుకవచుడికి కథలో మేమెప్పుడూ ఇల్లు పెట్టలేదు. ఎనిమిది పేజీలు పోరాటాలకే చాలేవి కావు, భార్యాబిడ్డల్ని ఎక్కడ ఇరికిస్తాం? ఆయన ఇంట్లో ఏదీ చెప్పలేదంటే, ఇంట్లో ఎవరూ లేకనే. నీకు సెరీనా ఉంది.

సోమవారం దాకా ఆగకు. నోరు రాకపోతే ఈ కాగితం ఆమె చేతిలో పెట్టు. కింద రాసింది ఆమెకే.

అమ్మా సెరీనా, నీ భర్త ఉద్యోగం జనవరిలో పోయింది. నీకు చెప్పొద్దన్నది నేను. ముందు నన్ను తిట్టు. అతనికి అన్నం పెట్టు, పొద్దుట్నుంచీ తిరిగి వచ్చి ఉంటాడు. రాజీనామా మాత్రం ఇవ్వకు.

ఛాయాదేవి